గమ్మతేందంటే: ఉత్తర తెలంగాణ తెలుగులో వింతకు మరో పేరు

2020 డిసెంబరు 5న ఏలూరులో జనం ఉన్నట్టుండి మూర్ఛపోవడం మొదలైంది. కొద్ది రోజుల్లో బాధితుల సంఖ్య ఆరు వందలు దాటింది. రక్త నమూనాల్లో సీసం, నికెల్ కనిపించాయని ఢిల్లీ ఎయిమ్స్ తేల్చేదాకా, ఆ తర్వాత కూడా, తెలుగు పత్రికలూ టీవీలూ దాన్ని ‘వింత వ్యాధి’ అన్నాయి, ‘అంతుచిక్కని వ్యాధి’ అన్నాయి. ‘విచిత్ర వ్యాధి’ అని ఉన్నా చదివేవారికి ఇబ్బంది ఉండదు. ‘గమ్మత్తు వ్యాధి’ అని రాస్తే మాత్రం మరునాడు క్షమాపణ అచ్చువేయాల్సి వచ్చేది. వింత, విచిత్రం, గమ్మత్తు ఒకదానికొకటి పర్యాయపదాలని బడిలో చెప్తారు. ఒకచోట మూడూ సరిపోయి, ఇంకోచోట రెండే సరిపోతే ఆ మూడోదానికి వేరే అర్థమేదో ఉన్నట్టే లెక్క. ఆ మూడో మాట ఆదిలాబాద్, కరీంనగర్ ప్రాంతాల్లో ఎట్లా వాడుకలో ఉంది, ఎటునుంచి వచ్చి ఉంటుంది, వింత అనే పాత మాట ఉండవలసిన చోటులో ఎందుకు కూర్చుంది అన్నది ఈ వ్యాసం విషయం.

ముందుగా రూపం సంగతి. కోస్తా రాతలో ఎక్కువగా ‘గమ్మత్తు’ కనిపిస్తుంది. ఉత్తర తెలంగాణ నోట ‘గమ్మతు’, ‘గమ్మతి’ అనే రెండు రూపాలు వినిపిస్తాయి. వాక్యం చివర వచ్చినప్పుడు గమ్మతు (‘గమ్మతున్నది’), పేరు ముందు విశేషణంగా వచ్చినప్పుడు గమ్మతి (‘గమ్మతి మనిషి’, ‘గమ్మతి ముచ్చట’) అనడం వైపు మొగ్గు ఉంది. ఇది గట్టి నియమం కాదు. ఒకే ఇంట్లో రెండూ నడుస్తాయి.

వాడుకలో ఈ మాట మొదటి పని కథకు తలుపు తీయడం. ‘మొన్న ఓ గమ్మతైంది’ అని ఎవరన్నా అంటే వినేవాళ్లు చేతిలో పని ఆపుతారు. ‘ఓ గమ్మతి జెప్పనా?’ అన్నదీ అంతే. రెండో పని కథ మలుపు తిప్పడం: ‘గమ్మతేందంటే, ఆడ వాడే లేడు.’ ఇక్కడ గమ్మతు అంటే నవ్వు పుట్టించేది అని అర్థం చెప్పుకుంటే సరిపోదు. వాడు లేకపోవడంలో నవ్వేమీ లేకపోవచ్చు. అనుకున్నదొకటి అయినదొకటి అన్న సంగతే దాని సారం. మూడో పని మనుషుల స్వభావం చెప్పడం. మనవడి గురించి అమ్మమ్మ ‘గీ పోరడు గమ్మతి మాటలు మాట్లాడుతడు’ అంటే ముద్దు. ఆఫీసులో పనిచేసే మనిషి పై అధికారి గురించి ‘సారు గమ్మతి మనిషే’ అంటే ముద్దు లేదు, మర్యాద ఉంది. అంతుపట్టడు అని చెప్పడం, చెప్పీ చెప్పనట్టు ఉండడం.

బేరంలో ఈ మాట ఇంకా బాగా కనిపిస్తుంది. ‘నీ లెక్క గమ్మతున్నది గదక్కా, కిలో నలపై అంటివి, అద్దకిలో ఇరవై ఐదంటున్నవ్’ అనేది ఫిర్యాదే. కానీ అక్క దానికి నవ్వి ఇరవైకి ఇవ్వొచ్చు. గమ్మతు తీసేసి అదే చోట ‘తమాష జేస్తున్నవా?’ అని పెట్టి చూడండి, అక్క తక్కెడ కింద పెట్టేస్తుంది. తమాషా కూడా ఒకప్పుడు వినోదానికి పేరే. కలిసి నడవడం అనే అర్థమున్న అరబీ మాట ఫార్సీలో షికారుగా, చూడముచ్చటగా మారి, మరాఠీలో ఒక నాటక రూపానికి పేరైంది. తెలుగులోకి వచ్చి కొన్ని చోట్ల బెదిరింపు కూడా అయింది. వినోదానికి పేరైన మాట ఎప్పుడూ వినోదంగానే మిగలాలని లేదన్నమాట. గమ్మతు మాత్రం ఇప్పటికీ ఆ వైపు జారలేదు.

చావింట్లో ఈ మాట పనికిరాదు అని కొందరు తేల్చి చెప్తారు. అది పూర్తిగా నిజం కాదు. పెద్దకర్మ అయ్యాక నలుగురు కూర్చొని పోయినవాళ్లను తలుచుకుంటూ ‘ఆయన పోయిన్నాడే ఓ గమ్మతైంది’ అని మొదలుపెట్టేవాళ్లు ఉంటారు. అక్కడ గమ్మతు చావుకు తగలదు. ఆ రోజు జరిగిన పక్క సంగతికి, బంధువు తప్పు బస్సు ఎక్కినదానికో, పంతులు పేరు మార్చి చదివినదానికో తగులుతుంది. అంటే ఈ మాటకు అడ్డం వచ్చేది దుఃఖం జరిగిన ఇల్లు కాదు, దుఃఖాన్నే ఆ పేరుతో పిలవడం. ఏలూరు రోగానికి అది ఎందుకు అతకదో ఇక్కడ తెలుస్తుంది.

ఇప్పుడు చుట్టుపక్కల మాటలు. ఇవి లేకుండా గమ్మతు హద్దు దొరకదు. ‘ఇచ్చిత్రం’ (విచిత్రం), ‘ఇడ్డూరం’ (విడ్డూరం), ‘సోద్యం’ (చోద్యం), ‘అజీబ్’ అన్నవి ఉత్తర తెలంగాణలో రోజూ వినపడేవి. ‘ఇడ్డూరం గాకపోతే’ అన్నదాంట్లో మందలింపు ఉంది. లోకరీతి తప్పిన పనిని చూసి, ముఖ్యంగా ఆడవాళ్ల సంభాషణలో, మూతి తిప్పుతూ వచ్చే మాట అది. ‘సోద్యం జూస్తున్నవా?’ అన్నది చేతులు కట్టుకొని నిలబడ్డవాడికి తగిలే చురక. సంస్కృతంలో చోద్యమంటే లేవనెత్తిన ప్రశ్న, ఆక్షేపణ. అక్కడినుంచి ఆశ్చర్యం అయింది. తెలుగు పల్లెల్లో చివరికి దారినపోయే గొడవను చూడ్డం అయింది. శాస్త్రచర్చలో పుట్టిన మాట చౌరస్తాకు రావడం నాకైతే బాగానే అనిపిస్తుంది. అజీబ్ పట్నాల్లో ఎక్కువ, ఉర్దూ కలిసిన మాటల్లో ఎక్కువ. ‘అజీబ్ మనిషున్నడు’ అంటే నచ్చలేదని అర్థం. అదే అరబీ ధాతువు నుంచి వచ్చిన ‘అజాయబ్’ హైదరాబాద్ ఉర్దూలో మ్యూజియం పేరులోకి ఎక్కింది: అజాయబ్ ఘర్, వింత వస్తువుల ఇల్లు.

ఈ మాటలను పుట్టిన దారిని బట్టి చూస్తే ఒక సంగతి బయటపడుతుంది. చిత్రం, విచిత్రం కంటినుంచి వచ్చినవి. సంస్కృతంలో చిత్రమంటే రంగురంగుల, మచ్చలమచ్చల వస్తువు. చోద్యం ప్రశ్న నుంచి వచ్చింది. అజీబ్ మొదటినుంచీ ఆశ్చర్యమే. గమ్మతు ఒక్కటే ఆటపాటల నుంచి వచ్చింది. నవ్వించే మాట వింతగొలిపే మాట కావడం తెలుగుకే ప్రత్యేకం అనుకోనక్కర్లేదు. ఇంగ్లిషులో ఫన్నీకి ఈ రెండర్థాలూ ఉన్నాయి, జర్మన్‌లో కోమిష్‌కు ఉన్నాయి, ఫ్రెంచిలో ద్రోల్‌కు ఉన్నాయి. ఒకదానితో ఒకటి అరువు తెచ్చుకోకుండానే వేర్వేరు భాషలు ఇదే దారి నడవగలవు. ఈ సంగతి మనకు తర్వాత అవసరపడుతుంది. ఎందుకంటే గమ్మతులో ఉన్న ‘వింత’ అర్థం మాటతో పాటు మరాఠీ నుంచి వచ్చిందా, తెలుగులోకి వచ్చాక పుట్టిందా అన్నది దీనిమీదే ఆధారపడుతుంది.

మరాఠీలో ‘గంమత్’ అంటే వినోదం, సరదా, హాస్యం. వర్హాడ్, నాగపూర్ వైపు ‘ఖడీ గంమత్’ అని ఒక జానపద ప్రదర్శన ఉంది. నిలబడి ఆడే, పాటలూ చతుర్లూ కలిసిన ఆట. ఛత్తీస్‌గఢ్ నాచాలో మధ్యమధ్య వేసే హాస్యపు ముక్కలను గమ్మత్ అనే అంటారు. దక్షిణాన కన్నడంలో, తుళులో, కొంకణిలో కూడా ఇదే మాట విందు వినోదాల అర్థంలో ఉంది. అంటే గోదావరికి ఉత్తరాన ఉన్న ఆదిలాబాద్‌కు పైనా, పడమరా, మరింత కింద పడమటి తీరం పొడుగునా వ్యాపించిన మాట ఇది. తెలుగు దాని తూర్పు అంచు.

రూపం కూడా అరువు మాట లక్షణాలే చూపిస్తుంది. పొరుగు భాషల్లో ‘అత్’తో ముగిసే పదాలు తెలుగులోకి ‘అతు’గా వస్తాయి: మదత్ మద్దతు అయింది, దౌలత్ దౌలతు అయింది, హిక్మత్ తెలంగాణలో ఇకమతు అయింది. గమ్మత్ గమ్మతు కావడం ఆ వరసలోదే. గమ్మతిలో చివరి ఇకారానికీ ఈ ప్రాంతంలోనే తోడు దొరుకుతుంది: ఉర్దూ యాద్ ఇక్కడ ‘యాది’. ఆదిలాబాద్ రచయిత సామల సదాశివ (1928–2012) తన జ్ఞాపకాల పుస్తకానికి ఆ మాటనే పేరుగా పెట్టుకున్నారు. ఉర్దూ, ఫార్సీ, మరాఠీ, సంస్కృతం, తెలుగు ఒకే మనిషిలో కూడిన చోటది.  ఒక్క జోడీని చూపించి సూత్రం కట్టలేం కాబట్టి దీన్ని పోలిక వరకే ఉంచుతున్నాను. ఇంకో జాగ్రత్త కూడా: చివర ‘అత్’ ఉన్నంత మాత్రాన గమ్మత్ అరబీదో ఫార్సీదో అయిపోదు. కిస్మత్, ఇజ్జత్ పక్కన వినపడడం వల్ల కలిగే భ్రమ అది. మత్తుతో ముడిపెట్టి గమ్మత్తును విడదీసే సరదా వ్యుత్పత్తికీ ఆధారం ఏమీ లేదు.

అన్నిటికన్నా బరువైన ఆధారం పదబంధాల్లో ఉంది. మరాఠీవాళ్లు ‘గంమత్ ఝాలీ’ అంటారు, ఇక్కడ ‘గమ్మతైంది’. వాళ్లు ‘గంమత్ సాంగూ కా?’ అని అడుగుతారు, ఇక్కడ ‘గమ్మతి జెప్పనా?’. వాళ్లు ‘గంమత్ మ్హణజే’ అని, ‘గంమత్ అశీ కీ’ అని మలుపు తిప్పుతారు, ఇక్కడ ‘గమ్మతేందంటే’. మాట ఒక్కటే వచ్చి ఉంటే అది సంతకు వచ్చిన సరుకులాంటిది. మూడు పదబంధాలు ఇట్లా ముక్కకు ముక్క కలిస్తే, రెండు భాషలూ మాట్లాడే నోళ్లు ఎక్కువ కాలం ఒకచోట ఉన్నాయని అనుమానించవచ్చు. ‘గంమత్ అశీ కీ’లో ఇప్పటికే నవ్వు పలచబడి ఆశ్చర్యం మిగిలింది. కాబట్టి వింత అర్థానికి బీజం మరాఠీలోనే పడిందనే వైపు నేను మొగ్గుతాను. కాకపోతే ‘చిత్రమేమిటంటే’, ‘విశేషమేమిటంటే’ అన్న కట్టుబడి తెలుగుకు సొంతంగానే ఉంది. ఆ కట్టుబడిలో గమ్మతును పెట్టుకోవడానికి మరాఠీ సాయం తప్పనిసరి కాదు. అందువల్ల మూడో జోడీ బరువు కొంత తగ్గించి చూడాలి.

మరాఠీ మాటలో ఉండి మన మాటలో లేని ముక్క ఒకటుంది. ‘గంమత్ కేలీ’ అంటే హాస్యానికి అన్నాను, ఊరికే ఆట పట్టించాను అని. తెలంగాణలో ‘గమ్మతి జేసిండు’ అంటే ఏదో కొంటె పని, వింత పని చేశాడనే. ఊరికే అన్నానని చెప్పాలంటే ‘మజాక్ జేసిన’ అంటారు, పాతవాళ్లయితే ‘పరాశికం’ అంటారు. ఆ గది అప్పటికే నిండి ఉంది. ఒకవైపు ఉర్దూ మాట, ఇంకోవైపు దేశి మాట. కొత్తగా వచ్చినదానికి మిగిలిన గదిలో, అంటే ఊహించనిది జరిగినప్పటి నవ్వు మొగం ఆశ్చర్యంలో, చోటు దొరికింది. అరువు మాటలు సాధారణంగా తమ పూర్తి అర్థంతో రావు. ఇల్లు చూసుకొని సామాను దించుతాయి.

ఎక్కడ కలిశాయి ఈ నోళ్లు? ఆదిలాబాద్ వరకు జవాబు సులువు. నిజాం కాలంలో కిన్వట్, రాజురా తాలూకాలు ఈ జిల్లాలోవే. 1956లో రాష్ట్రాల పునర్విభజనతో రెండూ నాందేడ్‌కు పోయాయి, 1959లో రాజురా చాందాకు, అంటే నేటి చంద్రపూర్‌కు, మారింది. పెన్‌గంగ ఒడ్డున జైనథ్, బేల వైపు పత్తి చేలల్లో ఇప్పటికీ రెండు భాషలూ పక్కపక్కనే. కెరమెరి మండలపు సరిహద్దులో 14 ఊళ్ల మీద రెండు రాష్ట్రాల మధ్య తగాదా తెగలేదు. అక్కడివాళ్లకు రెండు వైపులా రేషన్ కార్డులున్నాయి, రెండు వైపులా బడులున్నాయి, రెండు వైపులా ఓట్లున్నాయి. గోండి, కొలామి, లంబాడి మాట్లాడేవారికి కూడా సంతలో మరాఠీ, తెలుగు రెండూ కావాలి. 2016 అక్టోబరులో జిల్లా నాలుగు ముక్కలైంది కానీ సంతల రోజులు మారలేదు.

కరీంనగర్‌కు ఈ జవాబు చాలదు. జగిత్యాల, సిరిసిల్ల వైపు మరాఠీ ఊరు పక్కనే లేదు. అక్కడ దారి మగ్గం గుంటనుంచి సాగి ఉంటుందనేది సాధ్యమైన మాట. ఈ ప్రాంతపు పద్మశాలీలు 19వ శతాబ్దం చివరినుంచీ సోలాపూర్‌కు, ఆ తర్వాత భివండికి, బొంబాయికి వలసపోతూ, పండుగలకూ పెళ్లిళ్లకూ తిరిగి వస్తూ ఉన్నారు. సోలాపూర్‌లో తెలుగు వీధులకు వీధులే ఉన్నాయి. మరాఠీలో బతికి తెలుగులో ఇంటికి వచ్చే మనుషుల నోట మాటలు బస్సు టికెట్టు లేకుండా ప్రయాణిస్తాయి.

ఈ కథకు పెద్ద అడ్డంకి కోస్తా, రాయలసీమ. గమ్మత్తు అక్కడా ఉంది. ఆదిలాబాద్ సరిహద్దు వల్లే ఈ మాట తెలుగులోకి వచ్చిందంటే గుంటూరు మనిషి నోట అది ఎట్లా పలికింది? మరాఠీకి తెలుగునేలతో పరిచయం ఒక్క ఉత్తరపు తలుపునుంచే జరగలేదు. తంజావూరులో 1676 నుంచి మరాఠా రాజులు తెలుగు, మరాఠీ రెండింటినీ ఆదరించారు. దక్షిణాది కచేరీల్లో మరాఠీ గుమాస్తాలు చాలా కాలం లెక్కలు రాశారు. 1880లో ధార్వాడ నుంచి వచ్చిన నాటక బృందం రాజమండ్రిలో ఆడిన ప్రదర్శనలు తెలుగు రంగస్థలాన్ని కదిలించాయి. కందుకూరి వీరేశలింగం తన నాటకాన్ని వేయించింది ఆ వేడిలోనే. కడప జిల్లా సురభిలో 1885లో మొదలైన నాటక కుటుంబం మూలాలు కూడా మరాఠీ ప్రాంతానివే. ఆటపాటల మాట ఆటపాటలవాళ్లతో వచ్చిందనడం నాకు నచ్చే ఊహ. అయితే నచ్చడం ఆధారం కాదు. ఇప్పటికి చెప్పగలిగింది ఇంతే: ఈ మాట తెలుగులోకి ఒకటికన్నా ఎక్కువ దారుల్లో వచ్చి ఉండాలి, వాటిలో ఉత్తరపు దారి ఒకటి. ఒంటి తకారం ఉన్న ఉత్తరాది రూపం మరాఠీకి దగ్గరగా ఉండడం, జంట తకారం ఉన్న రూపం కోస్తా రాతలో స్థిరపడడం ఈ రెండు దారుల ఊహకు అనుకూలమే.

ఇక వింత సంగతి. పాత తెలుగులో వింతకు ఆశ్చర్యంతో పాటు కొత్తదనం, పరాయితనం అనే అర్థాలూ ఉన్నాయి. వింతవాడంటే బయటివాడు. ‘కొత్త ఒక వింత, పాత ఒక రోత’ అనే సామెతలో ఆ కొత్తదనం ఇంకా మిగిలే ఉంది. తమిళంలో విందై ఇదే పని చేస్తుంది. ఇంత వయసున్న దేశిపదం ఉత్తర తెలంగాణ పల్లె మాటల్లో పలచగా, పత్రికల్లో చిక్కగా ఎందుకుంది?

ఒక జవాబు ఉచ్చారణలో ఉంది. ఈ ప్రాంతపు మాటలో పదం మొదటి వకారం ఇకారం, ఎకారాల ముందు జారిపోతుంది. వినడం ‘ఇనుడు’, విత్తనం ‘ఇత్తనం’, విస్తరి ‘ఇస్తరి’, వీపు ‘ఈపు’, వెన్న ‘ఎన్న’. అదే నడకలో వింత ‘ఇంత’ అవుతుంది. అప్పటికే ‘ఇంత’ అని ఒకటుంది, ఇంత ఎత్తు, ఇంత డబ్బు అన్నది. ‘ఇంత పని జేసిండు’ అంటే వింత పని చేశాడనా, ఇంత పెద్ద పని చేశాడనా? ‘ఇంత మనిషి’ అంటే? ‘ఇంతగున్నది’ అంటే? రెండు మాటలూ ఒకే చోట, ఒకే పేరు ముందు నిలబడాల్సినవి. ఫ్రాన్సులో భాషాపటాలు గీసిన జిలియెరాన్ నూరేళ్ల కిందట ఇట్లాంటి ఇరకాటాన్నే చూపించాడు. నైరుతి ఫ్రాన్సులో ధ్వని మార్పుల వల్ల కోడిపుంజు పేరూ పిల్లి పేరూ ఒకటైపోయిన చోట్ల, పుంజుకు కొత్త పేరు వెతుక్కున్నారు. రెండూ ఒకే వాకిట్లో తిరిగే జీవాలు కాబట్టి గందరగోళం భరించలేనిదైంది అని ఆయన వాదన. మన ‘ఇంత’ల విషయంలో వాకిలి మరీ చిన్నది.

దీన్ని ఇక్కడితో ఆపితే అందంగా ఉంటుంది కానీ ఎదురు ఆధారాలూ ఉన్నాయి. తెలుగువాళ్లు ‘ఏడు’ అనే ఒక్క మాటతో అంకెను, సంవత్సరాన్ని, ఏడవడాన్ని చెప్పుకుంటూ హాయిగా ఉన్నారు. మాటలు ఒకటైనంత మాత్రాన ఒకటి చావాలని లేదు. కోస్తా పల్లెల్లోనూ వకారం జారుతుంది, అక్కడా ‘ఇనుకో’ అంటారు, అయినా వింత పూర్తిగా వెనక్కి పోలేదు. పైగా చిక్కు విశేషణంగా వాడినప్పుడే. ‘ఇంతలు’ అని బహువచనంలో అంటే పెద్ద పేచీ లేదు. కాబట్టి ధ్వని ఇరకాటం వింతను చంపలేదు. చోటు ఖాళీగా కనిపించేట్టు చేసి ఉండవచ్చు, ఆ చోటులోకి గమ్మతు, ఇచ్చిత్రం వచ్చి కూర్చోవడానికి వీలిచ్చి ఉండవచ్చు. ఇంతకు మించి దానితో పని చేయించడం అన్యాయం.

ఇందులో ఎంత పాతది, ఎంత కొత్తది అని తేల్చడానికి అచ్చు పుస్తకాలు ఎక్కువ సాయం చేయవు. దీనికి కారణం తెలిసినదే. గ్రియర్సన్ భాషా సర్వే హైదరాబాద్ సంస్థానంలో అడుగుపెట్టలేదు. ద్రావిడ భాషల సంపుటం 1906లో వచ్చింది, ఆదిలాబాద్ తెలుగు గొంతు అందులో లేదు. 1885 నాటి శబ్దరత్నాకరం గానీ, 1936 నుంచి సంపుటాలుగా వెలువడిన సూర్యరాయాంధ్ర నిఘంటువు గానీ ప్రధానంగా కావ్యభాష కోసం పుట్టినవి. నిజాం రాజ్యంలో కచేరీ ఉర్దూది, 1918లో మొదలైన ఉస్మానియాలో చదువు ఉర్దూది. 1926లో సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక పెట్టినప్పుడు తెలుగులో రాయడమే ఒక పోరాటం. సంతలో మాటలు అచ్చుకెక్కడం దూరపు సంగతి. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వచ్చి, తెలంగాణ తెలుగు ఒక ప్రత్యేక మాండలికమని పటాల మీద రుజువైంది. కానీ ఆ సేకరణ వ్యవసాయ పదాలది. నాగలి భాగాల పేర్లు ఊరూరా దొరుకుతాయి, ఆశ్చర్యపడ్డప్పుడు ఏమంటారో దొరకదు. తర్వాత రవ్వా శ్రీహరి, నలిమెల భాస్కర్ వంటివారు తెలంగాణ పదాలను పూనికతో ఏరి పెట్టారు. భాస్కర్ ఈ కరీంనగర్ ప్రాంతం మనిషే. ఆ పనికి ముందున్న నిశ్శబ్దాన్ని మాట లేకపోవడంగా చదవకూడదు. ఒక నిఘంటువులో గమ్మతు కనపడకపోతే ఆ ఏడు అది ఆదిలాబాద్‌లో లేదని కాదు, నిఘంటువు ఆదిలాబాద్‌లో లేదని.

పత్రికల్లో వింత ఎక్కడ కనిపిస్తుందో గమనిస్తే దాని పాత అర్థం ఇంకా ఎంత బతికుందో తెలుస్తుంది. నార్నూర్‌లో పుష్య పౌర్ణమికి జరిగే ఖాందేవ్ జాతరలో తొడసం వంశపు ఆడపడుచు రెండు, రెండున్నర కిలోల నువ్వుల నూనె తాగి మొక్కు తీరుస్తుంది. 1961 నుంచి ఈ రివాజు నడుస్తున్నదని చెప్తారు. ఏటా ఈ వార్తకు ‘వింత ఆచారం’ అనే శీర్షిక ఎక్కడో ఒకచోట పడుతూనే ఉంటుంది. గోండుల దీపావళి దండారీలో నెమలి పురుల టోపీ పెట్టిన గుస్సాడీని చూసి ‘వింత వేషం’ అని రాసేవాళ్లూ ఉన్నారు, 2021లో గుస్సాడీ కనకరాజుకు పద్మశ్రీ వచ్చినా. ఆ శీర్షికల్లో వింతను ఆశ్చర్యకరం అని చదువుకోవచ్చు, రాసినవారి ఉద్దేశమూ అదే కావచ్చు. కానీ ఏ తెలుగు పత్రికా సంక్రాంతి గొబ్బెమ్మలను వింత ఆచారమని రాయదు. పేడ ముద్దల మీద పూలు గుచ్చి చుట్టూ పాడడం బయటి మనిషికి తక్కువ ఆశ్చర్యమేమీ కాదు. వింత అనే మాట ఎవరి ఆచారం మీద పడుతుందో చూస్తే, అది వస్తువు గుణం కన్నా రాసేవాడు నిలబడ్డ చోటును ఎక్కువ చెబుతున్నట్టుంది. వింతవాడు అంటే పరాయివాడైన పాత అర్థం అచ్చులో ఇట్లా మిగిలి ఉంది. మొక్కు విషయంలో గమ్మతు కూడా తగదు, తేలిక చేసినట్టవుతుంది. ఖాందేవ్ మొక్కును మొక్కు అంటే చాలు.

గమ్మతులో ఈ దూరం లేదు. ‘ఓ గమ్మతైంది’ అని మొదలుపెట్టిన కథలో చెప్పేవాడు సాధారణంగా తనే ఉంటాడు, చాలాసార్లు తనే బోల్తాపడ్డవాడు. వింతను మనం చూస్తాం. గమ్మతు మనకు అవుతుంది. ఈ మాటకు ఎదురు ఉదాహరణ ‘సారు గమ్మతి మనిషే’ అన్నది, అందులో కొంచెం ఎడం ఉంది. అయినా ఆ సారుతో రేపు మళ్లీ పని చేయాల్సినవాడి మాట అది.

కొత్తగా ఒక మార్పు మొదలైంది. తెలంగాణ యాసలో చదివే టీవీ వార్తలు వచ్చాక ‘గమ్మతి’ అచ్చు అక్షరాల్లో తెర మీదికి ఎక్కింది, జిల్లా హద్దులు దాటింది. దీనివల్ల ఒక మేలుంది, ఒక చిక్కుంది. మేలు ఏమిటంటే, బళ్లో దిద్దించుకున్న మాట ఇంట్లో తలెత్తుకుంది. చిక్కు పరిశోధకుడికి: ఇకమీదట ఒక కుర్రవాడి నోట గమ్మతి వినపడితే అది అమ్మమ్మ నుంచి వచ్చిందో, టీవీ నుంచి వచ్చిందో విడదీయడం కష్టం. ఊళ్ల వారీగా రూపాలు పట్టుకోవాలంటే టీవీకి ముందు మాట నేర్చినవాళ్లను, అంటే ఇప్పుడు యాభై దాటినవాళ్లను, అడగడమే సరైన పద్ధతి.

అడగడానికి మంచి చోటు కూడా ఉంది. 1956లో అవతలికి పోయిన కిన్వట్, రాజురాల్లోని తెలుగు ఇండ్లు. అక్కడి పిల్లలు రెండు మూడు తరాలుగా మరాఠీ బడుల్లో చదివారు, ఉర్దూ పెత్తనం వాళ్ల మీద త్వరగా తొలగిపోయింది. ఇవతల ఆదిలాబాద్‌లో ‘ఊరికే అన్న’ అనే అర్థాన్ని మజాక్ పట్టుకున్నందువల్లే గమ్మతుకు ఆ సగం దక్కలేదని పైన అనుకున్నాం. అదే నిజమైతే కిన్వట్ తెలుగులో ఆ సగం కూడా వచ్చి చేరి ఉండాలి, అక్కడి ముసలవ్వ ‘గమ్మతి జేసిన బిడ్డా, నిజం గాదు’ అనగలగాలి. అనకపోతే, అక్కడ కూడా మజాకే వినపడితే, ఖాళీ గది వాదనను పక్కన పెట్టి వేరే కారణం వెతకాలి.